పోయినవాడి చీటీ

భూగోళం దక్షిణపు కొసనున్న హోబార్ట్‌లో, ఒక యూనివర్సిటీ వృక్షశాస్త్ర భవనం కింద ఒక గది ఉంది. ఎండబెట్టిన మొక్కల్ని కాగితాల్లోనూ పొట్లాల్లోనూ పెట్టి ఇనప బీరువాల్లో దాచే గది. కలరా ఉండల వాసన, ఎముకలు కొరికే చలి. జులై అక్కడ చలికాలం, ఐదింటికే చీకటి పడుతుంది. ఐదు దాటాక ఆ గదిలోకి ఒంటరిగా ఎవరూ దిగరు.

ఎందుకంటే — మూడో బల్ల.

ఆ గదిలో దీపాలకి స్విచ్చులు లేవు. మనిషి కదిలితే ఆ మనిషి నెత్తిమీది దీపం వెలుగుతుంది, కదలకపోతే కాసేపటికి ఆరిపోతుంది. గదిలో ఎవరూ లేకుండా మూడో బల్ల మీద దీపం వెలుగుతుండగా చూసినవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. దీపం వెలిగిందంటే అక్కడ ఏదో కదిలిందన్నమాటేగా...

"హ్యూ రాన్స్‌లీ బల్ల అది," అని చెప్పేది అలిసి అనే అమ్మాయి, పీహెచ్‌డీలో కొత్తగా చేరినవాళ్ళని కూర్చోబెట్టుకుని. టోంగా దీవుల పిల్ల, దెయ్యాల కబుర్లంటే ప్రాణం. "పదకొండేళ్ళు అక్కడే కూర్చుని పనిచేశాడట. ఒక డిసెంబర్‌లో పోయాడు. చివరిసారి చూడ్డానిక్కూడా ఎవరూ రాలేదట, పాపం. తాగిన కాఫీ కప్పు బల్లమీదే ఉండిపోయిందట."

"ఎలా పోయాడే?"

"ఎలా పోతే ఏం? పోయాడు. బల్లని మాత్రం వదల్లేదు."

అలిసి పక్క కుర్చీలో కూర్చునే టామ్సిన్ ఈ కథ విన్నప్పుడల్లా నవ్వేసేది. నాలుగో ఏడు నడుస్తున్న పీహెచ్‌డీ మనిషికి దెయ్యాలకి భయపడేంత తీరిక ఎక్కడిది? థీసిస్ ఇవ్వడానికి ఇంకా మూడు వారాలే ఉంది. దానికి ప్రాణమంతా మూడో అధ్యాయంలోనే ఉంది. కొండమీద, నీళ్ళు కారే ఒక రాతి పగులులో ఆమెకి దొరికిన నాచు... ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టని నాచు. ఐదు పొట్లాలు తెచ్చింది. అన్నిట్లోకీ అందంగా ఉన్నదాన్ని ఎంచి, కొత్త పేరుకి దాన్నే సాక్ష్యంగా పెట్టింది. ఆ పొట్లం నిలబడితేనే పేరు నిలబడుతుంది. లేదంటే నాలుగేళ్ళ చాకిరీ నీళ్ళపాలే.

ఒక సాయంత్రం ఆ పొట్లం తీసి చూస్తే, దానిమీద కొత్త చీటీ.

ఆ గదిలో ఒక కట్టుబాటు ఉంది. ముందువాళ్ళు రాసిన పేరు తప్పని తేలినా చింపకూడదు, కొట్టెయ్యకూడదు. పక్కనే చిన్న చీటీ అంటించి, తనకి తోచిన పేరు రాసి, తేదీ వేసి, సంతకం చెయ్యాలి. వందేళ్ళ నాటి పొట్లాల మీద కూడా అలాంటి చీటీలు ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. మనుషులు ఎప్పుడో చచ్చిపోయారు, తగవు మాత్రం ఇంకా తెగలేదు.

ఈ చీటీమీద సిరా తాజాగా ఉంది. రాసింది పాత పేరు, అందరికీ తెలిసిన మామూలు నాచు పేరు. కింద మొన్న మంగళవారం తేదీ. సంతకం — హెచ్. ఆర్.

టామ్సిన్ ఆ రెండక్షరాలూ మళ్ళీ మళ్ళీ చదివింది.

అనుమానం సూటిగా వెళ్ళి ఒక్క మనిషి మీద వాలింది. హెలెన్ రౌన్‌ట్రీ, తన గైడు. పది రోజుల కిందటేగా ఆవిడ అన్నది, "మూడో అధ్యాయం కొంచెం తొందరపాటేమో. పక్కన పెట్టు, తర్వాత మనిద్దరి పేరు మీదా వేద్దాం," అని. అప్పుడు దయ అనుకుంది. ఇప్పుడు... చీటీతో బెదరగొట్టి, అధ్యాయం తీయించి, నాచుని తను కొట్టేద్దామని కాదు కదా?

ఆ పురుగు తొలిచాక ఇక హెలెన్ ఏం చేసినా తప్పే అయింది. నవ్వితే నటన. నవ్వకపోతే లోపలున్నది బయటపడటం. టామ్సిన్ పొట్లాన్ని వేరే బీరువాలోకి మార్చి, తలుపు పిడులకి దారప్పోగు కట్టి వచ్చింది.

రెండ్రోజులకి దారం తెగి ఉంది. పొట్లం మీద రెండో చీటీ.

"తడిపి, ఆకు అంచు మళ్ళీ చూడు. — హెచ్. ఆర్."

ఇక ఉండబట్టలేక వెళ్ళి అడిగేసింది. "హెలెన్, మీరు కింది గదికి వెళ్తున్నారా?"

"ఈ మోకాళ్ళతోనా?" అంది ఆవిడ, కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పకుండానే. "ఆ మెట్లు దిగి ఏడాదైంది. ఏం, ఏమన్నా పోయిందా?"

ఎంత తేలిగ్గా అబద్ధమాడింది! టామ్సిన్ ఆ కోపమంతా అలిసి దగ్గర వెళ్ళగక్కింది. అలిసి ఫోన్‌లో ఆ చీటీల ఫొటోలు చూసింది. దాని మొహంలో రంగు మారింది.

"హెచ్. ఆర్. అంటే హెలెనే ఎందుకే?" అంది గుసగుసగా. "హ్యూ రాన్స్‌లీ... అతనివీ అవే అక్షరాలు."

గురువారం సాయంత్రం ఆరింటికి టామ్సిన్ ఒక్కతే మెట్లు దిగింది. భయం లేక కాదు, సంగతేమిటో తేలకుండా థీసిస్ ఇవ్వడానికి చెయ్యి రాక. బీరువాల వెనక నేలమీద చతికిలబడి, కదలకుండా కూర్చుంది.

నెత్తిమీది దీపం ఆరిపోయింది.

చీకటి. గొట్టాల్లో నీళ్ళ చప్పుడు... తన గుండె చప్పుడు... ఎంతసేపో తెలియలేదు.

అడుగులు.

బూట్ల చప్పుడు కాదు — మెత్తగా, మేజోళ్ళతో నడుస్తున్నట్టు. తలుపు దగ్గర దీపం వెలిగింది. తర్వాత మొదటి బల్ల మీద. తర్వాత రెండో బల్ల మీద. ఒక్కొక్కటే వెలుగుతూ వచ్చి... మూడో బల్ల దగ్గర ఆగింది.

ఒక దగ్గు. బీరువా తలుపు కిర్రుమంది.

టామ్సిన్ లేచి నిలబడింది. ఆమె నెత్తిన దీపం భగ్గుమంది. ఎదురుగా — పాలిపోయిన మొహం, నెరిసిన గడ్డం, చేతిలో తన పొట్లం...

కెవ్వుమన్నది ఆమె కాదు. అతను.

"సెక్యూరిటీకి చెప్పకు," అన్నాడు గోడకి అంటుకుపోయి. "నీకు దండం పెడతా, అమ్మాయ్... చెప్పకు."

"మీరు... హ్యూ రాన్స్‌లీయా?"

తలూపాడు.

"మీరు పోయారన్నారే!"

"పోయింది నేను కాదమ్మాయ్. ఉద్యోగం."

ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగమట అది. పదకొండేళ్ళు పొడిగిస్తూ వచ్చారు, ఆ డిసెంబర్‌లో మాత్రం ఉత్తరం రాలేదు. వీడ్కోలు చెప్పినవాళ్ళు లేరు. తలుపు తెరిచే కార్డు వెనక్కిమ్మని కూడా ఎవరికీ గుర్తురాలేదు, అది ఇంకా పనిచేస్తూనే ఉంది. పగలు ఒక దుకాణంలో మేకులూ రంగుడబ్బాలూ అమ్ముతాడు. సాయంత్రం ఇక్కడికొచ్చి, బూట్లు విప్పి సంచిలో పెట్టుకుని, పని చేసుకుంటాడు. ఎవరైనా వస్తే బీరువాల వెనక నక్కుతాడు.

"సగం బీరువాలు మిగిలుండగానే పంపేశారు," అన్నాడు. "అవి చూడకపోతే నిద్ర పట్టదు."

"మరి నా నాచు జోలికెందుకొచ్చారు? చెప్పాలనుంటే పైకొచ్చి చెప్పొచ్చుగా?"

"పైకొస్తే కార్డు లాక్కుంటారు. అందుకే చీటీ."

తడిపిన ఆకుని మైక్రోస్కోప్ కింద పెట్టి చూడమన్నాడు. చూసింది. ఆకు అంచున రంపప్పళ్ళు ఉన్నాయని మూడో అధ్యాయం నిండా రాసింది తను. పళ్ళు లేవు. ఎండి ముడతపడ్డప్పుడు పళ్ళలా కనిపించాయి, అంతే.

"ఐదింట్లో ఇదొక్కటే పాతది," అన్నాడు హ్యూ. "పక్కన పెరిగి కలిసిపోయింది. మిగతా నాలుగూ తడిపి చూశా, పళ్ళు అలాగే ఉన్నాయి. అవి కొత్తవే, నీవే. కానీ నువ్వేమో అందంగా ఉందని దీన్నే సాక్ష్యం పెట్టావు. పరీక్షించేవాళ్ళు దీన్ని ఒక్క చుక్క నీళ్ళలో వేసి ఉంటే..."

టామ్సిన్‌కి ఏడుపొచ్చింది. గండం గడిచినందుకు కాదు, హెలెన్‌ని దొంగని చేసినందుకు. ఆ సంగతి ఆవిడకి ఈనాటికీ చెప్పలేదు.

పొట్లం మార్చింది. పేరు నిలబడింది. పట్టా వచ్చింది. కృతజ్ఞతల పేజీలో అతని పేరు రాస్తానంటే హ్యూ ఒప్పుకోలేదు. "వద్దమ్మాయ్. రాస్తే వాళ్ళకి కార్డు గుర్తొస్తుంది."

తర్వాత డాక్టర్ టామ్సిన్‌కి అక్కడే ఒక సెమిస్టర్ పాఠాలు చెప్పే పని దొరికింది. ఆ తర్వాత ఇంకో సెమిస్టర్. అలా ఐదేళ్ళు గడిచాయి. ఒక డిసెంబర్‌లో... ఉత్తరం రాలేదు.

మళ్ళీ జులై. సాయంత్రం ఆరు. కింది గదిలో రెండో బల్ల దగ్గర టామ్సిన్ మైక్రోస్కోప్ మీద వంగి ఉంది, బూట్లు సంచిలో ఉన్నాయి. కదలకుండా ఉండేసరికి నెత్తిమీది దీపం ఎప్పుడో ఆరిపోయింది, మైక్రోస్కోప్ చిరుదీపం ఒక్కటే మిగిలింది. తలుపవతల, మెట్లమీద, కొత్తగా చేరిన పిల్లల గొంతులు వినిపించాయి.

"ఇప్పుడు రెండో బల్ల కూడానట... టామ్సిన్ అని ఒకామె ఉండేదట. పోయిందట, పాపం."

"నేను పోలేదర్రా!" అని చెబుదామని చటుక్కున లేచింది. నెత్తిన దీపం భగ్గుమంది. తలుపు అద్దంలోంచి చూస్తున్న పిల్లలు కెవ్వుమని మెట్లమీద పరుగు లంకించుకున్నారు.

"మొదట్లో నేనూ చెబుదామనే లేచేవాణ్ణి, అమ్మాయ్," అన్నాడు మూడో బల్ల దగ్గర్నించి హ్యూ, తల ఎత్తకుండానే.