నోటికి నోరు, చెవికి చెవి

స్విచ్‌లు ఎంపిక చేసే ఇంజనీరును ఎవరైనా చంపుతారా? చంపారు. పట్టపగలు, సర్వర్ రూములో, రెండు ర్యాకుల మధ్య, పసుపుపచ్చ ప్యాచ్ కేబుల్ మెడకు బిగించి మరీ చంపారు.

ఆ మహానుభావుడు చేసిన నేరం ఒక్కటే. ఆనకట్ట గేట్లను నడిపే కంట్రోల్ సెంటర్‌కు కొత్త నెట్‌వర్క్ స్విచ్‌లు కావాలంటే, వచ్చిన శాంపిళ్లన్నీ విప్పి చూశాడు. ఒకదాని దగ్గర ఆగి, "ఇందులో నాకు తెలియని చిప్ ఏదో ఉంది, ఇది వద్దు" అన్నాడు. అంత్యక్రియలైన మర్నాడే కొనుగోలు కమిటీ కూర్చుని సరిగ్గా ఆ స్విచ్‌నే ఖాయం చేసింది. కమిటీలకు సిగ్గుండదు, బిస్కట్లుంటాయి.

సీక్రెట్ సర్వీస్ చీఫ్‌ను డిపార్ట్‌మెంట్‌లో అందరూ బాబాయ్ అంటారు. ఆయన ఎవరికీ బాబాయ్ కాడు. ఆ గుండెకు చుట్టరికాలు పడవు. ఆ రోజు ఆయన టేబుల్ ముందు నిలబడ్డవాడు ఏజెంట్ సూది. సన్నగా ఉంటాడు, సందు దొరికితే దూరతాడు, గుచ్చుకున్నాక గానీ ఉన్నాడని తెలియదు.

బాబాయ్ బ్రీఫింగ్ ఎప్పుడూ పొడిపొడిగానే ఉంటుంది. ఇంజనీరును చంపింది విదేశీ ముఠా. స్విచ్‌లోని చిప్ వాళ్లది. పాత స్విచ్‌ల నుంచి కొత్తవాటికి మారే రోజున ఒక పది నిమిషాలు గేట్లకు ఏ తాళమూ ఉండదు. ఆ పది నిమిషాల్లో వాళ్లు దొంగతనంగా లాగిన ఫైబర్ గాజుతీగ ఆ స్విచ్‌కు తగిలి, పోర్టు మీద పచ్చలైటు వెలిగిందా, గేట్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. దిగువనున్న పట్టణానికి సైరన్ వినే తీరిక కూడా ఉండదు.

ఇంతవరకూ సూదికి చెమట పట్టలేదు. తర్వాతి మాటకు పట్టింది.

"మీ అన్నయ్య వాళ్ల చేతిలో ఉన్నాడు" అన్నాడు బాబాయ్.

సూది అన్నయ్య ఫైబర్ జాయింట్లు వేసే పనివాడు. తండ్రి పోయాక తమ్ముణ్ణి చదివించి, తాను తిన్నా తినకపోయినా వాడికి పెట్టి మనిషిని చేసినవాడు. ముఠాకు చేతి పని తెలిసినవాడు కావలసి వచ్చి, డ్యూటీ దిగి ఇంటికి వెళ్తుంటే వ్యానులోకి లాగేసుకున్నారు. ఎక్కడ పెట్టారని సూది అడిగితే, ఊరి బయటెక్కడో, వెతుకుతున్నామన్నాడు బాబాయ్. తల ఎత్తకుండానే అన్నాడు.

"దొరికితే తెస్తాం. దొరక్కపోతే ఏడుద్దాం. లైటు మాత్రం రాకూడదు. వినబడిందా?"

వినబడింది. ఆ క్షణం నుంచి సూదికి ఆనకట్టా పట్టణమూ రెండో వరసలోకి పోయాయి. అన్నయ్య బతకాలి, అంతే. ఏజెంటన్నవాడు అలా అనుకోకూడదు నిజమే. వాడికీ రక్తమాంసాలున్నాయి, ఏం చేస్తాం.

లోపల సాయానికి ఒక డబుల్ ఏజెంట్ ఉంది. స్విచ్ కంపెనీ సేల్స్ మేనేజర్. మనిషి రాకముందే సెంటు వాసన వస్తుంది కాబట్టి ఫైళ్లలో ఆవిడ పేరు అత్తరు. ముఠా ఆవిడను తమ మనిషనుకుంటోంది, మనవాళ్లు మన మనిషనుకుంటున్నారు. అందం అంత పని చేస్తుంది మరి.

సూది పెట్టుడు మీసంతో, నడుముకు టూల్ పౌచ్‌తో కేబుల్ టెక్నీషియన్‌గా చేరాడు. జేబులో ఫైబర్ కొసలు తుడిచే పెన్ను, పెన్నులో మైకు, బుల్లి స్పీకరు. ర్యాకులు సర్దిస్తున్న అత్తరు వాణ్ణి ఎగాదిగా చూసి, "కేబుల్‌కి వంపు ఎక్కువైంది" అంది. "వంగితే వెలుగు కారిపోతుంది" అన్నాడు సూది. కోడ్ కుదిరింది.

ఆ పని సూదికి కొత్త కాదు. సెలవుల్లో అన్నయ్య వెంట తిరిగి నేర్చుకున్నదే. స్విచ్‌లు ర్యాకుకు బిగించాడు, ప్యాచ్ ప్యానెళ్లకు లేబుళ్లు అంటించాడు, ఫైబర్‌ను ఎక్కడా మెలి పడనివ్వకుండా చుట్టాడు, కొస తుడవకుండా ఒక్క కనెక్టర్ కూడా గుచ్చలేదు. అట్టడుగు ప్యానెల్ వెనకాల లేబుల్ లేని ఫైబర్ జత ఒకటి కనబడింది. అడిగితే, అది ముఠాది, ముట్టుకోవద్దు, టైముకి తానే కోసేస్తానని అత్తరు చెప్పింది. సూది నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు, పైవాళ్లే నమ్మమన్నారు.

స్విచ్‌లు మారే రోజు ఉదయం పై హాల్లో మంత్రిగారు బటన్ నొక్కారు, చప్పట్లు మోగాయి, గేట్ల తాళం వీడింది. కింద ర్యాకుల గదిలో ఇద్దరే ఉన్నారు. అత్తరు ఆ జతను బయటికి లాగింది. కోయలేదు. ఎడమచేత్తో దాన్ని సూదికి అందించి, కుడిచేత్తో చిన్న పిస్టల్ చూపించింది.

"గుచ్చు, తమ్ముడూ."

"మేడమ్, మీరు మనవాళ్లు కదా?"

"గోడ మీద పిల్లి ఎప్పుడో ఒకప్పుడు దూకాలిగా. అవతలి కొస మీ అన్నయ్య చేతిలోనే ఉంది. లైటు వస్తే ఆయన ఇంటికెళ్తాడు. మళ్లీ తాళం పడేదాకా రాకపోతే అక్కడే పోతాడు."

సూది గుచ్చాడు. లైటు రాలేదు.

ఫైబర్ ఎప్పుడూ జతగా వస్తుంది. ఒక పోగు చెప్పేది, ఒకటి వినేది. ఇటు నోరు అటు చెవికి తగలాలి. నోటికి నోరు, చెవికి చెవి తగిలితే రెండు స్విచ్‌లూ మూగాచెవిటి సంసారమే. అప్పుడు జతను తిరగేసి గుచ్చాలి. ముఠాకు ఆపరేషన్ రోజున ఫోన్లు నిషేధం. అందుకని ముందే రూలు రాసిపెట్టుకున్నారు: లైటు రాకపోతే, సెకన్ల ముల్లు పన్నెండు మీదికి రాగానే తిరగెయ్యాలి. అత్తరు గడియారం చూసి తిప్పమంది. తిప్పాడు. రాలేదు. మళ్లీ ముల్లు పన్నెండుకొచ్చింది. మళ్లీ తిప్పాడు. లైటు అప్పుడూ రాలేదు.

అప్పుడు సూదికి తట్టింది. అదే రూలు అవతలివాడికీ ఇచ్చారు తెలివితక్కువ సన్నాసులు. ఇక్కడ తిప్పిన క్షణానే అక్కడా తిప్పుతున్నారు. రెండు పక్కలా తిప్పితే తిప్పనట్టే. చిన్నప్పుడు చెప్పాపెట్టకుండా తన కొస తిప్పేసినందుకు అన్నయ్య వీపు మీద ఒక్కటిచ్చి, తిప్పితే ఒక్కడే తిప్పాలిరా వెధవా అని తిట్టాడు. అలాంటి అన్నయ్యకు ఇప్పుడు జరుగుతున్నది తెలియదా? పక్కనున్న తుపాకీవాడికి ఒక్క ముక్క చెబితే లైటు వస్తుంది, తాను ఇంటికి వెళ్లొచ్చు. చెప్పడం లేదు. నోరు మూసుకుని, తిప్పమన్నప్పుడల్లా బుద్ధిగా తిప్పుతున్నాడు.

సూదికి దుఃఖం పొంగుకొచ్చింది. తానూ నోరు మూసుకుని తిప్పాడు. అన్నదమ్ములిద్దరూ ఎన్నేళ్లకో మళ్లీ ఒక పని కలిసి చేస్తున్నారు.

తాళం పడడానికి కాస్తే టైముందనగా అత్తరు మొహం చిట్లించింది. తర్వాత మెల్లగా నవ్వింది.

"అక్కడా తిప్పుతున్నారు కదూ? ఈసారి నువ్వు చెయ్యి తియ్యి."

చెయ్యి తీస్తే చాలు. ముల్లు పన్నెండుకు రాగానే అన్నయ్య తన కొస తిప్పుతాడు, లైటు వస్తుంది, అన్నయ్య బతుకుతాడు. సూది చెయ్యాల్సింది ఏమీ లేదు, ఊరికే నిలబడడమే. వాడి ప్రాణమంతా నిలబడమనే చెప్పింది. కానీ అన్నయ్య ఇంతసేపూ ఎందుకు నోరు మూసుకున్నాడో వాడికి తెలుసు. తెలియకపోతే ఎంత బావుండేది.

ముల్లు పన్నెండును తాకింది. సూది ప్లగ్ లాగి, తిరగేసి, తోశాడు. పిస్టల్ పేలింది. తూటా అరచేతిలోంచి దూసుకుపోయింది. ఆ చేత్తోనే ప్లగ్ టక్కుమనేదాకా నొక్కాడు.

లైటు రాలేదు. పైన స్పీకర్‌లో గేట్ల తాళం పడిందన్న మాట, వెంటనే చప్పట్లు.

"పాపం, మీ అన్నయ్య" అంది అత్తరు.

నేల కింద ఢామ్మని తుపాకీ మోగింది.

ఊరి బయట కాదు. సరిగ్గా కాళ్ల కింద. సూది పెన్ను నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు. "బాబాయ్, సెల్లార్‌లో ఉన్నారు! మా అన్నయ్య సెల్లార్‌లో..."

"తెలుసు" అన్నాడు బాబాయ్. పెన్నులోంచి కాదు, గుమ్మంలోంచి. వెనకాల ఆయన మనుషులు అప్పటికే అత్తరు చేతిలో పిస్టల్ లాగేసుకుంటున్నారు.

నిన్నటి నుంచే తెలుసట. అత్తరు సంగతీ తెలుసట. కింద తలుపు కొడితే పైన ఈవిడ జారుకునేది, కిందవాళ్లూ ఈవిడా చేతిలో సరుకుతో దొరకాలి కదా అని ఆగారట. ఇవన్నీ ఆయన చాలా నెమ్మదిగా, చిన్నపిల్లాడికి లెక్క చెప్పినట్టు చెప్పాడు. సూది ఆయన మొహాన ఉమ్మాడు. బాబాయ్ రుమాలు తీసి తుడుచుకుని, ముందు చేతికి కట్టు కట్టించుకోరా అన్నాడు.

సెల్లార్‌లో అన్నయ్య పిడికిలిలో ఫైబర్ జత అలాగే ఉంది. వేళ్లు ఒక్కొక్కటే విడదీసి తీయాల్సి వచ్చింది.

వారం తిరక్కుండా అత్తరు మళ్లీ మన మనిషైంది. ఇప్పుడు చీఫ్ గారి పక్క గదిలో కూర్చుంటుంది, వరండా అంతా అదే సెంటు. కట్టు కట్టిన చేత్తో సూది కంట్రోల్ సెంటర్‌కు వెళ్లి, చనిపోయినాయన స్థానంలో వచ్చిన కొత్త ఇంజనీరుకు గది అప్పగించాడు. కుర్ర ఇంజనీరు, పనంటే సరదా. టెస్టర్‌తో ఒక్కో ఫైబరూ చూసుకుంటూ వచ్చి, లేబుల్ లేని జత దగ్గర ఆగిపోయాడు.

"దీనికి జాయింట్ ఎవరు వేశారండీ? లాసే లేదు, వెలుగు చుక్క కూడా కారడం లేదు. బిల్డింగ్ మొత్తంలో ఇంత శుభ్రమైన పని ఇంకోటి లేదు."

"మా అన్నయ్య."

"అబ్బ, ఏం పనితనమండీ ఆయనది. పై అంతస్తు పని మొత్తం ఆయనకే ఇచ్చేద్దాం. ఖాళీగా ఉన్నారా?"

"ఉన్నాడు" అన్నాడు సూది. "ఇప్పుడు బొత్తిగా ఖాళీయే."