కనిపించని కుట్టు

“వాళ్లు నాకు కనిపిస్తున్నారు. నేనే వాళ్లకి కనిపించట్లేదమ్మా! నాలుగింటికి క్లాసు!” నాన్న గొంతు కుట్టుమిషన్ చప్పుడుని మించిపోయింది.

టైలర్ షాపు మధ్యలో చాపలా చుట్టి తీసుకెళ్లే కొత్త రకం బట్ట తెర నిలబడి ఉంది. అందులో పన్నెండు ఊళ్ల నుంచి పన్నెండు మంది పిల్లలు. చిరుగుని కనిపించకుండా కుట్టడం వాళ్లకి నేర్పాలి. నాన్న మాస్టారు కావడం ఇదే మొదటిసారి. అందుకే చొక్కాని రెండుసార్లు ఇస్త్రీ చేసుకున్నాడు.

తెర తెచ్చిన అక్క బట్టంతా తడిమి చూసింది. “సార్, మధ్యలో చిన్న చిల్లుండాలి. దాని వెనకే కెమెరా ఉంటుంది. ఆ చిల్లేది?”

“చిల్లు లేని తెర నువ్వే ఇచ్చి, చిల్లేదని నన్నడుగుతావేంటమ్మా!”

బల్ల కింద గుండీలు ఏరుతున్న ఆయన కూతురు ఇంకాస్త లోపలికి జరిగింది. బక్కగా ఉంటుందని అందరూ ఆమెని గుండుసూది అంటారు. పొద్దున కత్తెర పట్టుకుని తెర చుట్టూ గంతులేసింది. తర్వాత చూస్తే చిల్లు! తన కత్తెరే తగిలిందనుకుని, తెల్లదారంతో గప్‌చుప్‌గా కుట్టేసింది.

అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. “పాడైన తెర తెచ్చానేమో సార్. ఇంకోటి తెచ్చేసరికి చీకటి పడుతుంది.”

“అయితే ఇవాళ క్లాసు లేనట్టే,” అని నాన్న స్టూలు మీద కూలబడ్డాడు.

గుండుసూది బల్ల కిందనుంచి పాక్కుంటూ వచ్చింది. “నాన్నా... చిల్లు నేనే కుట్టేశా. నేనే చింపాననుకున్నా.”

నాన్న కళ్లజోడు పెట్టుకుని తెరకి ముక్కు ఆనించాడు. “ఎక్కడే?”

“ఇక్కడే.”

“ఎక్కడా?”

ఆమె వేలు పెట్టి చూపించింది. నాన్న ఒక చేత్తో చెవి మెలిపెట్టాడు, ఇంకో చేత్తో వీపు తట్టాడు. “ఇది చెప్పకుండా కుట్టినందుకు. ఇది ఇంత బాగా కుట్టినందుకు. ఇప్పుడు నువ్వే విప్పు.”

గుండుసూది తెరకి మొహం ఆనించి, నాలుక బయటపెట్టి, ఒక్కో దారం జాగ్రత్తగా కత్తిరించింది. చివరి పోగు తెగగానే తెరలోని పిల్లలంతా గొల్లున నవ్వారు. వాళ్లకి మొదట కనిపించింది పే...ద్ద ముక్కు, దాని కింద నాలుక!

నాన్న గబగబా తల దువ్వుకుంటున్నాడు. అక్క ఫోన్‌లో ఏదో చూసుకుంటోంది. గుండుసూది మాత్రం తెరనే చూస్తోంది. చిల్లు కింద గోరంత చిరుగు. ఈసారి నిజంగానే కత్తెర తగిలింది. దారం చేతిలోనే ఉంది. రెండు కుట్లు వేస్తే ఎవరికీ తెలీదు.

“నాన్నా! ఈ చిరుగు మాత్రం నిజంగా నేనే చేశా!”

నాన్న దువ్వెన ఆగిపోయింది. “మెల్లగా చెప్పవే తల్లీ, పన్నెండు ఊళ్లకి వినపడింది,” అంటూ నవ్వేసి, తన పక్కన ఇంకో స్టూలు వేశాడు.

గుండుసూది కూర్చోలేదు. సూదిలో దారం ఎక్కించి అక్క దగ్గరికి వెళ్లింది.

“అక్కా, దీన్ని కుట్టమంటావా? లేక ఇది కూడా ఉండాల్సిన చిల్లేనా?”