మారెమ్మకు పెట్టిన కళ్ళు

యాడికి ఊళ్ళో బస్టాండుకు ఎదురుగా ఉన్న స్టూడియోలో ఆ మధ్యాహ్నం అస్లాంకు ఒక్కటే పని. రెండు కెమెరాలను పక్కపక్కన పెట్టి, ఏది ఉంచుకోవాలో తేల్చుకోవాలి.

ఒకటి ఏడేళ్ళుగా అతని చేతిలో నలిగినది. పట్టుకునే చోట రబ్బరు ఊడితే జిగురు పూసి అతికించాడు. రెండోది కొత్తది. గుంతకల్లులో ఉండే పిన్నమ్మ కొడుకు షారుక్ రెండు రోజులు వాడి చూడమని ఇచ్చిపోయాడు. నచ్చితే దీన్ని పెట్టుకుని నీ పాతది నాకివ్వు అన్నాడు. సాయంత్రం వచ్చి మాట తేల్చుకుంటానన్నాడు. పెళ్ళి వీడియోలు తీసే షారుక్‌కు చేతిలో ఉన్న వస్తువు మీద మోజు తీరగానే దాన్ని చుట్టాలకు అంటగట్టడం అలవాటే.

రెండూ తెర మీద చూసి తీసే మిర్రర్‌లెస్ కెమెరాలే. తేడా చీకట్లో తెలుస్తుంది. వెలుతురు తగ్గితే పాతదాని తెర మీద బొమ్మంతా ఇసుక చల్లినట్టు అవుతుంది. మనిషి తల తిప్పితే తెర మీది తల ఒక్క క్షణం ఆగి తిరుగుతుంది. ఫోకస్ చుక్కను వేలితో జరిపి మనిషి కంటి మీద మనమే పెట్టుకోవాలి. కొత్తదానికి ఆ అవస్థ లేదు. ఎదురుగా మనిషి ఉంటే చాలు, అదే కన్ను వెతుక్కుని దాని చుట్టూ చిన్న ఆకుపచ్చ గడి గీసి, కీచుమని ఒక చప్పుడు చేస్తుంది.

లోపలి గదిలో కెమెరాల ముందు స్టూలు మీద నాజియా కూర్చుంది. లైటు మారినా, లెన్సు మారినా ఈ ఏడేళ్ళలో మొదట కూర్చునేది అస్లాం భార్య నాజియానే. ఇవాళ మాత్రం కొంగుతో కళ్ళు అద్దుకుంటూ కూర్చుంది.

"ఇంగా తగ్గలేదా?" అన్నాడు అస్లాం.

"మూడు దినాలైనాది. దుమ్ము పడినట్టే ఉండాది. నీళ్ళు కారుతానే ఉండాయి."

బయట వడగాలి రోడ్డు మీది ఎర్రమట్టిని లేపి షట్టరు మీద పోస్తోంది. అందుకే దాన్ని సగం దించి ఉంచారు. ఆమె వెనక గోడకు పాత పేపర్లో చుట్టిన ఫ్రేము ఒకటి ఆనించి ఉంది. అది మారెమ్మ ఫోటో.

మారెమ్మ పోయి పది రోజులైంది. బతికినన్నాళ్ళూ ఆమెకు సరైన ఫోటో ఒక్కటి కూడా లేదు. కొడుకు ఓబిలేష్ వచ్చి పిలిస్తే అస్లాం పోయి, పడుకోబెట్టిన మనిషి ముఖం పాత కెమెరాతో తీసుకొచ్చాడు. ఇలాంటి పని ఈ చుట్టుపక్కల మామూలే. కళ్ళు మూసుకున్న ఫోటోకు దండ వేయడానికి ఇంట్లోవాళ్ళకు మనసొప్పదు. అందుకని స్టూడియోవాళ్ళు కంప్యూటర్లో వేరే ఫోటోలోంచి తెరిచిన కళ్ళు తెచ్చి పెడతారు. విడిగా ఫోటో తీసిన చీర కడతారు. దినానికి మనిషి నిక్షేపంగా గోడ మీద కూర్చుంటుంది.

చావు ఇళ్ళకు పోయి పోయి అస్లాం మనసు మొద్దుబారింది. శవం ముందు నిలబడితే వెలుతురు ఎటునుంచి పడుతోందో చూస్తాడు, అంతే. స్టూడియో పెట్టిన వాళ్ళ నాయన జమాల్ సాబ్ అలా కాదు. ఇంటి మనిషి కళ్ళే పెట్టాల, అదీ వాళ్ళను అడిగి పెట్టాల అనేవాడు. ఎందుకని అస్లాం ఎప్పుడూ అడగలేదు.

ఓబిలేష్ ఒక్కడే కొడుకు. అతని కుడికంట్లో పువ్వేసి ఆ కంటి చూపు పోయింది. "నా కళ్ళు వద్దన్నా, అమ్మకు బాగుండవు," అన్నాడు. మూడు రోజుల కింద తొందరలో అస్లాం చేతికి దొరికిన ఫైలు తెరిచాడు. అది పాత కెమెరాతో తీసిన నాజియా ఫోటో. వెలుతురు ఎడమ నుంచే పడుతోంది. సరిగ్గా అతుక్కుంది. నాజియాకు చెప్పలేదు. చెబితే ఒప్పుకోదని తెలుసు.

కరెంటు పోయింది. ఫ్యాను ఆగేసరికి గదిలో ఉక్క, జిగురు వాసన నిండాయి.

"మంచిదేలే. చీకట్లోనే కదా చూడాల్సింది," అన్నాడు అస్లాం.

పాతదానితో పన్నెండు ఫోటోలు తీశాడు. తర్వాత కొత్తదాన్ని స్టాండు మీద బిగించి నాజియా వైపు తిప్పాడు. ఆకుపచ్చ గడి వెంటనే వచ్చింది. కీచుమంది.

గడి నాజియా మీద లేదు. ఆమె భుజం పక్కన, వెనక పేపరు చుట్టిన ఫ్రేము మీద ఉంది.

పేపర్లో ఏదో బొమ్మ ఉంటుందిలే అనుకున్నాడు. పోయి చూశాడు. అన్నీ టెండరు ప్రకటనలే. ఫ్రేమును గోడ వైపు తిప్పాడు. గడి కదల్లేదు. ఇదేం గోలరా అనుకుంటూ దాన్ని తీసుకెళ్ళి ముందుగదిలో కౌంటరు మీద పెట్టి వచ్చాడు.

ఇప్పుడు తెర మీద నాజియా ఒక్కతే ఉంది. గడి లేదు.

"ఇట్ల చూడు."

"చూస్తానే ఉండా."

"రెప్ప ఆర్పొద్దు."

"ఆర్పలేదు."

కెమెరాను గోడకున్న క్యాలెండరు వైపు తిప్పాడు. అందులోని పాప కంటి మీద గడి పడింది. మళ్ళీ నాజియా వైపు తిప్పాడు. లేదు. అక్కడ మనిషే లేనట్టు తెర ఊరికే ఉండిపోయింది.

ముందుగదిలోంచి ఎవరో కేకేశారు. "అస్లామన్నా, ఫోటో తీసుకుపోతాండా. బస్సుకు టైమైనాది."

"సరే," అన్నాడు అస్లాం, ఆ మాట సరిగా వినకుండానే. అతని చూపంతా పాత కెమెరా మీదే ఉంది. అందులో తీసిన పన్నెండు ఫోటోలనూ ఒక్కొక్కటిగా తిప్పుతున్నాడు.

పన్నెండిట్లోనూ నాజియా కళ్ళు మూసుకుని ఉంది.

పెద్దది చేసి చూశాడు. ఇసుక చల్లినట్టున్న ఆ బొమ్మలో రెప్పలు ముడతలు పడి, మైనం పూసినట్టు ఉన్నాయి. ఎడమ రెప్ప మీద కందిగింజంత ఉలిపిరికాయ. దాన్ని అస్లాం ఎరుగును. మారెమ్మ ముఖం మీద కొత్త కళ్ళు పెట్టేటప్పుడు అది పైకి కనపడకుండా చెరిపింది తనే.

తల ఎత్తి నాజియాను చూశాడు. ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి. చక్కగా ఉన్నాయి. తన వైపే ఉన్నాయి.

అతనికి భయం వేయలేదు. వేయాలని తెలుస్తూనే ఉంది... లోపల ఏమీ కదల్లేదు.

కరెంటు వచ్చింది. ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది. ఫ్యాను తిరగసాగింది. గది తెల్లగా అయింది.

నాజియా అలాగే కూర్చుని మెల్లగా అడిగింది. "ఫ్యాను తిరుగుతాండాది. లైటు ఎందుకు ఏయలేదు?"

అస్లాం ఆమె ముఖం ముందు చెయ్యి ఆడించాడు. రెప్ప పడలేదు.

ముందుగదిలోకి పరుగెత్తాడు. కౌంటరు మీద ఫ్రేము లేదు. బస్టాండులో బస్సు లేదు. రోడ్డు మీద ధూళి మాత్రం ఇంకా దిగలేదు. బండి తాళం కోసం వెనక్కి వస్తే నాజియా చేతులతో గాలిని తడుముతోంది.

"నన్ను ఇడిచిపెట్టి యాడికీ పోవద్దు," అంది.

పోలేదు. ఆమె పక్కన కూర్చున్నాడు. రెండు నిమిషాలు గడిచాయి. ఉన్నట్టుండి ఆమె తల పక్కకు తిప్పింది.

"కనపడతాండాది."

"ఏం కనపడతాండాది?"

"కిటికీ... కమ్మీలు. రాళ్ళ గుట్ట. ఎండిపోయిన చెనక్కాయ చేను." ఆమె కింద స్టూలును తడిమి చూసుకుంది. "నేను ఈడనే కదా కూర్చోనుండేది? మరి బస్సు ఎందుకు కనపడతాండాది?"

అస్లాం ఓబిలేష్‌కు ఫోన్ చేశాడు.

"ఫోటో బాగొచ్చినాదన్నా," అన్నాడు ఓబిలేష్. "ఉండబట్టలేక బస్సులోనే విప్పినా. అమ్మ కిటికీలోంచి చూస్తాండాది అనిపిస్తాండాది."

"దాన్ని చింపెయ్."

"ఏమప్పా, ఏం మాటలవి? అమ్మకు ఉండేది ఇదొక్కటే కదా. చింపమంటావా?"

ఆ కళ్ళు ఎవరివో అస్లాంకు గుర్తొచ్చింది. చింపితే ఏవి చిరుగుతాయో...

"వద్దు. చింపొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటా, చింపొద్దు. పేపరు చుట్టి పెట్టు. నేనొస్తాండా."

ఫోన్‌లో పేపరు చప్పుడు వినిపించింది. ఓబిలేష్ సరేనని పెట్టేశాడు.

"మళ్ళీ చీకటైనాది," అంది నాజియా. అస్లాం ఆమె చేతులు పట్టుకున్నాడు. రెండు చేతులూ అతని చేతుల్లోనే ఉన్నాయి. చల్లగా ఉన్నాయి. షారుక్‌కు ఫోన్ చేసి కారు తెమ్మనాలి, నాజియాను ఎక్కించుకుని పోవాలి, ఫోటోను ఇంటికి తెచ్చుకోవాలి. వరసగా ఇదంతా అనుకున్నాడు. కళ్ళ ఆసుపత్రి సంగతి మాత్రం తలపుకు రాలేదు.

"ఈడ ఇంగొకరుండారు," అని గుసగుసలాడింది నాజియా.

"యాడ?"

"చీకట్లో. నా పక్కనే."

"ఎవరు?"

"తెలీదు. ముసలి చెయ్యి... గాజులు లేవు." ఆమె ఊపిరి బిగబట్టింది. "నా రెప్పలు తడుముతాండాది."

ఆమె చేతులు వదులైపోయాయి. ఫ్యాను తిరుగుతోంది. జిగురు వాసన పోయి, ఆరిన పసుపు వాసన వస్తోంది. అస్లాం పేరు పెట్టి పిలిచాడు. రెండుసార్లు పిలిచాడు.

స్టాండు మీద కొత్త కెమెరా కీచుమంది.

తెర వైపు చూశాడు. ఆకుపచ్చ గడి నాజియా ఎడమ కంటి మీద నిలిచి ఉంది. ఇటు తిరిగితే ఆమె కళ్ళు తన ముఖం మీదే ఉన్నాయి. చెయ్యి ఆడించాడు. రెప్ప పడింది. అస్లాంకు గుండెల్లోంచి ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్నేళ్ళకు వచ్చిన ఏడుపు అది. "కనపడతాండాదా?" అన్నాడు.

ఆమె తల ఊపింది. ట్యూబులైటును చూసింది. కెమెరాను, క్యాలెండరును, తన చేతులకున్న గాజులను తీరిగ్గా చూసుకుంది.

"మా పిల్లోనికి ఒక కన్ను కనపడదప్పా," అంది. "పొద్దు వాలకముందే ఇల్లు చేరినాడో లేదో."

ఏడుపు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఫోన్ మోగుతోంది. ఓబిలేష్. ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"అన్నా, ఫోటోకు చుట్టిన పేపరు కళ్ళ కాడ తడిసిపోతాండాది," అన్నాడు ఓబిలేష్. "నా సంచిలో నీళ్ళ బాటిలు కూడా లేదు. ఏం చేయమంటావు?"