పది నిమిషాలకు పడిపోయే ముల్లు

మెకానిక్ భార్య కుర్చీ అంచున కూర్చుని, చేతిలోని గొడుగు పిడిని తిప్పుతూనే ఉంది.

“మా ఆయన దొంగ కాదు మేడం. ముప్ఫై ఏళ్లుగా లెక్చరర్ గారి పాత కారును కన్నబిడ్డలా చూసుకున్నాడు. ఇప్పుడేమో ఆ లెక్చరర్ గారే, అసలు ఆయిల్ పంపు కొట్టేసి అరిగిపోయింది బిగించాడంటున్నారు. ఐదింటికల్లా పోలీసులకు చెప్తారట!”

“మీ ఆయనేమంటాడు?” అని అడిగింది డిటెక్టివ్.

“అదే కదా నా ఏడుపు! నోరు విప్పడు. ఇంజను విప్పి చూపించమంటే విప్పనంటాడు.”

డిటెక్టివ్‌కు సహాయకుడు తన మరిదే. నోట్‌బుక్ మూసేశాడు. “తేలిపోయింది వదినా. ఏదో దాచాడు.”

“దాచాడు. ఏమిటన్నదే తేలాలి. పద, అంత తెలివి ఇక్కడే ఖర్చు పెట్టకు.”

లెక్చరర్ గారు రిటైరయ్యారు. భార్య పోయి ఏడాదిన్నర. ఆయన కారు షెడ్డులో గోడకు ఆమె తోటపని టోపీ ఇంకా వేలాడుతోంది. ఆ పక్క అరలో రేకు గరాటు, దాని మీద ఉతికి మడతపెట్టిన పాత తెల్లగుడ్డ, దాని పక్కనే మడత విప్పని కొత్త గుడ్డ ఉన్నాయి.

“ఆయిల్ ప్రెషర్ ఎప్పుడు పడిపోతుంది?” అని లెక్చరర్ గారిని అడిగింది డిటెక్టివ్.

“స్టార్ట్ చేయగానే మీటరు ముల్లు బాగానే ఉంటుంది. పది నిమిషాలు నడిపితే సున్నాకు జారుతుంది. ఆపి ఐదు నిమిషాలు ఆగితే మళ్లీ లేస్తుంది.”

“ఇంజను వేడిగా ఉండగానే?”

“అవును. పోయిన నెల ఇంజను విప్పినప్పుడు మెకానిక్ ఏదో జేబులో దాచుకోవడం కళ్లారా చూశాను.”

“ఆయిల్ ఎవరు పోస్తారు?”

“నేనే. నలుసు కూడా లోపలికి పోకూడదని మా ఆవిడ గుడ్డతో వడగట్టేది. నేనూ అలాగే.”

“మరి ఈ కొత్త గుడ్డ?”

“మెకానిక్ తెచ్చి పెట్టాడు. నాకెందుకు?”

డిటెక్టివ్ పాత గుడ్డను కిటికీకి ఎదురుగా పట్టింది. అవతలి వెలుగు కనిపించింది. దాన్ని ఉన్న మడతల్లోనే మడిచి, ఎక్కడిదక్కడే పెట్టింది. మరిది నోట్‌బుక్ మళ్లీ తెరిచాడు.

నాలుగున్నరకు డిటెక్టివ్ కబురు మీద మెకానిక్, అతని భార్య వచ్చారు.

“మీరే విప్పండి,” అంది డిటెక్టివ్, మెల్లగా. “చెప్పడం నాకు వదిలెయ్యండి.”

అతను ఆమె ముఖంలోకి చూసి, స్పానర్ అందుకున్నాడు. ఇంజను అడుగున ఉన్న ఆయిల్ చాంబర్ ఊడి వచ్చింది. పంపు మీద కంపెనీ వేసిన పాత నంబరే ఉంది, అది అసలుదే. దాని మూతికున్న జల్లెడ మాత్రం నల్లబడిన నూలుపోగులతో మూసుకుపోయి ఉంది.

“చూడండి,” అంది డిటెక్టివ్. “ఇంజను నడుస్తుంటే పంపు లాగే ఆయిల్‌తో పాటు పోగులు వచ్చి జల్లెడకు అంటుకుంటాయి. ప్రెషర్ పడిపోతుంది. ఆపగానే జారిపోతాయి, ముల్లు లేస్తుంది. అరిగిన పంపయితే వేడి తగ్గకుండా అలా కోలుకోదు. పోయిన నెల ఇతను జేబులో దాచింది పాత గుడ్డ నుంచి ఊడిన ఈ పోగుల్నే. మాట్లాడకుండా శుభ్రం చేసి, కొత్త గుడ్డ తెచ్చి పెట్టాడు. మీరు ముట్టుకోలేదు. దొంగతనమేదీ జరగలేదు లెక్చరర్ గారూ.”

లెక్చరర్ గారు అర వైపు చూశారు. “ఆవిడ గుడ్డ...”

“పలచబడగానే అమ్మగారు మార్చేసేవారు సార్,” అన్నాడు మెకానిక్. “తర్వాత మీరు మార్చలేదు. అమ్మగారి గుడ్డే ఇంజను పాడు చేసిందని నా నోటితో ఎలా చెప్పను?”

“దొంగవన్నాను. ఒక్క మాటైనా తిరిగి అనలేదేమయ్యా?”

జవాబు మెకానిక్ భార్య ఇచ్చింది. “ఇంట్లో అన్నం కూడా సరిగ్గా తినలేదండీ.”

లెక్చరర్ గారు తల దించుకున్నారు. “ఇంజను బాగవుతుందా?” అన్నారు.

“నడుస్తుంది సార్. బేరింగులు దెబ్బతిన్నాయి. మునుపటి మెత్తని శబ్దం మాత్రం రాదు.”

“రాదులే.” ఆయన కొత్త గుడ్డ మడత విప్పి గరాటు మీద పరిచారు. “అన్నీ బిగించాక ఆయిల్ నువ్వు పొయ్యవయ్యా. గరాటు నేను పట్టుకుంటాను.”

పాత గుడ్డను మాత్రం జేబులో పెట్టుకున్నారు. మెకానిక్ అది చూశాడు. చూడనట్టే తల వంచి, నట్లు తుడవసాగాడు.