మార్స్ అనాలా, కొకిడియస్ అనాలా

రోమన్లు కట్టిన సరిహద్దు గోడకి ఉత్తరాన ఉన్న ఆ చిత్తడి దగ్గర చీకటి పడ్డాక ఎవరూ ఆగరు. అక్కడో రాయి ఉంది. దాని మీద రెండు పేర్లు — మార్స్, కొకిడియస్. మార్స్ రోమ్ నుంచి సైన్యంతో వచ్చిన యుద్ధదేవుడు. కొకిడియస్ మా అడవి దేవుడు, కొమ్ములవాడు, మా తాతల నాటివాడు. ఇద్దరూ ఒక్కరేనని కోటలో దొరలు తేల్చేశారు. ఆ సంగతి దేవుళ్ళకి చెప్పారో లేదో మరి...

రాత్రిపూట అక్కడ ఒక పేరు పిలిస్తే రెండో ఆయనకి కోపం వస్తుందట. ఒకడు "మార్స్" అన్నాడు — మూడు రోజులు నోట మాట లేదు. ఇంకొకడు "కొకిడియస్" అన్నాడు — వాడి చెప్పు ఒక్కటే దొరికింది.

మా పొరుగింటి వెరెకుండ చెబితే విన్నాను. ఆవిడ మొగుడు లుక్కో కోటలో కాపలా జవాను. ఒక రాత్రి ఆవిడకి తొలికాన్పు నొప్పులు. మంత్రసాని వెల్విన్న అవ్వది చిత్తడి అవతలి గుడిసె. కబురు పంపి ఎంతసేపైనా రాలేదు.

"నువ్వే వెళ్ళి తీసుకురా!" పళ్ళు కొరికింది వెరెకుండ.

"చీకట్లో... ఆ రాయి పక్కనుంచా?"

"లేకపోతే నువ్వు కను, నేను వెళ్తా!"

వెళ్ళాడు. సరిగ్గా రాయి దగ్గరికొచ్చేసరికి గాలి కొట్టి కాగడా ఆరిపోయింది. రాయి వెనకనుంచి —

"ఊఁ... ఊఁ..."

లుక్కో ఉన్నచోటే మోకాళ్ళ మీద పడ్డాడు. "మా... మార్స్ స్వామీ?"

"ఎవడ్రా అది..."

"తప్పయింది! కొకిడియస్ స్వామీ!"

"ఇటు... రారా..."

పారిపోదామంటే ఇంట్లో పెళ్ళాం కళ్ళముందు మెదిలింది. "స్వామీ, తల్లీబిడ్డా క్షేమంగా ఉంటే మీకు చెరో కోడి... ఇద్దరూ ఒక్కరే అయితే ఒకటే కోడి... ఏ పేరుతో పిలిస్తే పలుకుతారు స్వామీ?"

"ఏ పేరైతే ఏంట్రా దద్దమ్మా! ముందు చెయ్యివ్వు! నడుం దాకా దిగబడిపోయాను!"

మబ్బు తొలగింది. వెన్నెల్లో చూస్తే — బురదలో వెల్విన్న అవ్వ!

లాగాడు. కదల్లేదు. మళ్ళీ లాగాడు. ఈసారి అవ్వ సర్రున పైకొచ్చి వాడి మీద పడింది. ఇద్దరూ ఒకటే పరుగు. తెల్లారకముందే ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

అవ్వ పొయ్యి దగ్గర కూర్చుని బీరు తాగుతోంది. లుక్కోకి ధైర్యం తిరిగొచ్చింది.

"ఏం బరువున్నావవ్వా! అయినా ఒక్కణ్ణే లాగేశాను, చూశావా?"

"ఒక్కడివా?" అవ్వ మూతి తుడుచుకుంది. "మరి వెనకనుంచి నన్ను తోసినాయనో?"

"...ఎవరూ లేరే."

"ఉన్నాడ్రా. చేతులు మంచులా ఉన్నాయి. నీ తోటి జవానే అనుకున్నా, సైన్యం ఇనపటోపీ పెట్టుకున్నాడు..."

అవ్వ గొంతు తగ్గించింది.

"...ఆ టోపీని చీల్చుకుని బయటికొచ్చాయిరా, దుప్పి కొమ్ములు."