విలర్‌బాన్ నుంచి ఇద్దరు

"ఇద్దర్లో ఒకరు దొంగ," అంది నిర్మలాదేవి. "పదకొండు లోపు ఎవరో తేల్చు. తప్పు మనిషిని పట్టుకుంటే నువ్వూ ఇంటికే, నేనూ ఇంటికే."

భద్రాచలంలో ఒక లాడ్జి గది. పొద్దున్న ఏడు. మతీన్ నిలబడే ఉన్నాడు. స్పెషల్ వింగ్‌లో పదేళ్ల సర్వీసు, కానీ ఈ మేడమ్ ఒక్కసారి కూడా కూర్చోమన్న పాపాన పోలేదు. ఒంటి మీద డ్రైవర్ తెల్లచొక్కా, కాలర్‌లో చిన్న మైకు, చెవిలో చెవిటివాళ్ళు పెట్టుకునే మిషన్. దాంట్లో వినపడేది మాత్రం నిర్మలాదేవి గొంతు.

ఆమె తొమ్మిది పేజీల ఫైలు మంచం మీదికి విసిరింది. పైన ఒకటే పేరు: విలర్‌బాన్.

"ఏంది మేడమ్ ఇది?"

"ఫ్రాన్స్‌లో ఒక ఊరు. లియోన్ మహానగరానికి తూర్పున అతుక్కుని ఉంటుంది. జనాభా లక్షా అరవై వేల పైన. తొంభై ఏళ్ల కిందటి ఎత్తైన మేడలు, ఇంజనీరింగ్ కాలేజీలు, మెట్రో. ఒకప్పుడు లియోన్ కలుపుకుంటానంటే ససేమిరా అంది. ఇప్పటికీ మునిసిపాలిటీ వేరు, మేయర్ వేరు. ఆ ఊరి నుంచి ఇద్దరు అశ్వారావుపేట దగ్గర పామాయిల్ నర్సరీ చూడ్డానికి వచ్చారు. క్లెయిర్ అనే ఆమె, బెర్నార్ అనే ఆయన. ఆఫీసులు వేరు, విమానాలు వేరు, ఒకరికొకరు ముఖపరిచయం లేదు. దారిలో ఒకరిని మాయం చేసి, అదే పేరుతో తమ మనిషిని ఎక్కించారు."

"ఎవరు?"

"మనకి నూనె అమ్ముకునే ఒక విదేశీ ముఠా. ఇక్కడ తోటలు పెరిగితే వాళ్ళ దుకాణం బంద్. గాజుగొట్టంలో మొవ్వుకుళ్ళు తెగులు పంపించారు. నర్సరీలో ఎనభై వేల మొక్కలు. రేపటి నుంచి ట్రాక్టర్లు ఎక్కుతాయి. తెగులంటిన మొక్క ఏ ఊరికి పోతే ఆ ఊరు నాశనం."

మతీన్‌కి అక్క గుర్తొచ్చింది. పెనుబల్లిలో ఉండే ఖతీజా, కాయని మామిడితోట నరికించి నాలుగెకరాలు చదును చేసి పెట్టుకుంది. ఆమె మొక్కలు ఆ ఎనభై వేలలోనే ఉన్నాయి.

"ఫోటోలు?"

"ఎంబసీ నుంచి సాయంత్రం నాలుగుకి."

"నర్సరీకి పోకుండ ఆపితే?"

"ఇంకో నర్సరీకి పోతాడు, మనకి చెప్పి పోడు. గొట్టంతో సహా పట్టుకోవాలి. కార్లో ఇంటర్‌ప్రెటర్‌గా సోని ఉంటుంది. ముఠాకి పనిచేస్తున్నట్టు నటిస్తూ మనకి సమాచారం ఇస్తోంది."

"మనకి నటిస్తూ వాళ్ళకి ఇస్తలేదని గ్యారంటీ ఏంది?"

"గ్యారంటీ కావాలంటే ఫ్రిజ్ కొనుక్కో. దొంగ ఎవరో ఆమెకీ చెప్పలేదట, ప్రశ్నలడిగి కనిపెడుతుంది. కోడ్ విను. దొంగ ఎవరైతే వాళ్ళకి దాహంగా ఉందంటుంది. పో."

ఇన్నోవా గోదావరి వంతెన దాటి సారపాక, బూర్గంపాడు మీదుగా సాగింది. ముందుసీట్లో సోని. గంధం రంగు పట్టుచీర, నల్లద్దాలు. ఏసీ కన్నా ఆమె సెంటే ఎక్కువ కొడుతోంది. ఎక్కగానే మతీన్‌ని పైనుంచి కిందిదాకా చూసి, "డిపార్ట్‌మెంట్‌కి డ్రైవర్ దొరకలేదా, నిన్ను పంపింది?" అంది తెలుగులో, నవ్వుతూనే.

"ఇంటర్‌ప్రెటర్ గూడ దొరకనట్టే ఉన్నది," అన్నాడు మతీన్.

సోని వెనక్కి తిరిగి ఫైల్లోని ప్రశ్నలు ఇంగ్లీషులోనే కబుర్లలా వదిలింది. బెర్నార్ ఒక్కటీ తప్పలేదు. జనాభా ఇంత, మేడలు కట్టింది ఫలానా ఏట, మెట్రో స్టేషన్లు వరసగా. మెత్తటి గొంతు, ఒత్తుగా దువ్విన జుట్టు, ఇస్త్రీ నలగని చొక్కా.

క్లెయిర్ మాత్రం చెమటలు కక్కుతూ చిరాకు పడిపోతోంది. జనాభా ఎంతని అడిగితే, "నాకేం తెలుసు? ఇల్లిల్లూ తిరిగి లెక్కపెట్టానా?" అంది. మేడల సంగతడిగితే, "పాతవి. లిఫ్టు ఆగిపోతూ ఉంటుంది," అంది.

సోని నల్లద్దాలు నెత్తి మీదికి తోసింది. "డ్రైవర్, మేడమ్‌కి దాహంగా ఉంది."

చెవిలో మిషన్ గరగరలాడింది. "విన్నాను," అంది నిర్మలాదేవి. "సొంత ఊరి జనాభా తెలియనిది ఏ ఊరిది? నర్సరీ దగ్గర మన టీం రెడీగా ఉంది. దిగగానే ఆమెని పట్టుకోండి."

మతీన్‌కి ఏదో అతకడం లేదు. కుక్కునూరు దగ్గర ఆంధ్రప్రదేశ్ బోర్డు కనపడగానే తన వచ్చీరాని ఇంగ్లీషు బయటికి తీశాడు.

"సార్, మేడమ్, చూడుండ్రి. తెలంగాణల ఎక్కినం, ఇప్పుడు ఆంధ్రా, మళ్ళ అరగంటల తెలంగాణ. మాది ఎటపాక. మా ఇంటికాడ నిలబడి రాయి ఇసిరితే భద్రాచలంల పడ్తది. కానీ మేం ఆంధ్రా. బజారు అక్కడ, దవాఖానా అక్కడ, కాగితం మీద సంతకం కావాల్నంటే మాత్రం ఇటు తిరగాలె. భద్రాచలపోళ్ళు మమ్మల్ని పక్కూరోళ్ళంటరు. నాకైతే ఒళ్ళు మండుతది."

వెనకసీట్లో క్లెయిర్ దిగ్గున ముందుకి వంగింది.

"మాకూ అంతే! మా వీధికి ఒకవైపు లియోన్, ఒకవైపు మేము. నా పార్కింగ్ పాస్ రోడ్డు దాటితే చెల్లదు. నలభై ఏళ్లుగా నేనక్కడే ఉంటున్నా, లియోన్‌లో ఉండే మా పెద్దమ్మ కూతురు 'ఊరి బయట ఎలా ఉంటున్నావే' అంటుంది. బయటా! మా మెట్రోలో మూడు స్టేషన్లు దాటితే దాని ఇల్లు!"

ఆమె ముఖం ఎర్రబడింది. మతీన్ అద్దంలోంచి బెర్నార్‌ని చూశాడు. "సార్‌కేమన్న గొడవ ఉన్నదా, లియోనోళ్ళతోటి?"

బెర్నార్ చిరునవ్వు చెదరలేదు. "అబ్బే, లేదు. లియోన్ చాలా గొప్ప నగరం. మాకు చక్కటి సంబంధాలున్నాయి."

క్లెయిర్ అతని వైపు పురుగుని చూసినట్టు చూసింది.

మతీన్ స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు. మహానగరం పంచన బతికే ఊర్లో పుట్టినవాడికి ఆ నగరం మీద కడుపులో ఒక మంట ఉంటుంది. అది ఏ ఫైల్లోనూ రాయరు. బెర్నార్‌కి ఊరు మొత్తం తెలుసు, మంట తెలియదు.

నర్సరీ గేటు దగ్గర ట్రాక్టర్లు వరస కట్టి ఉన్నాయి. నర్సరీ యజమాని వెంకటనారాయణ దండలు పట్టుకుని ఎదురొచ్చాడు. కారు ఆగీఆగకముందే మఫ్టీలో ఉన్న ఇద్దరు క్లెయిర్ చేతులకి బేడీలు తగిలించారు. ఆమె ఫ్రెంచిలో పెట్టిన బొబ్బలకి వెంకటనారాయణ దండలు కిందపడేశాడు.

"మేడమ్, ఆమె గాదు," అన్నాడు మతీన్ కాలర్‌లోని మైకులోకి.

"సాక్ష్యం?"

"ఆమెకి లియోన్ అంటే పడదు."

"అది సాక్ష్యమా? నోరు మూసుకుని..."

మతీన్ చెవిలో మిషన్ పీకి జేబులో వేసుకున్నాడు. బెర్నార్ ఎక్కడ? అందరూ క్లెయిర్ చుట్టూ మూగి ఉన్నారు. షేడ్‌నెట్ వెనక, మొక్కలన్నిటికీ నీళ్ళు పోయే సిమెంటు ట్యాంకు. దాని నిచ్చెన మీద ఇస్త్రీ చొక్కా కనపడింది. కింద పంపు స్టార్టర్ దగ్గర సోని నిలబడి ఉంది.

మతీన్ పరిగెత్తాడు. బెర్నార్ ఫౌంటెన్ పెన్ను క్యాప్ తీశాడు. లోపల గాజుగొట్టం. మూత తిప్పాడు. గొట్టం నీళ్ళ మీదికి వంగుతున్న క్షణంలో మతీన్ నిచ్చెన ఎగబాకి దాని మూతిలోకి బొటనవేలు దూర్చేశాడు. ఇద్దరూ కలిసి కింద మట్టిలో పడ్డారు. మతీన్ ఎడం మోచేయి బెర్నార్ దవడకి తగిలింది. కుడి బొటనవేలు మాత్రం గొట్టంలోంచి రాలేదు.

"వేలు తీయి," అంది సోని. చేతిలో చిన్న పిస్టల్. "ఎనిమిది నెలలు మీ ఆఫీసు టీ తాగాను. ఆ కక్ష ఒక్కటి చాలు కాల్చడానికి."

"తియ్య."

సోని గురి చూసింది. అంతలో వెనక నుంచి రెండు చేతులు బేడీలతో సహా ఆమె మణికట్టు మీద పడ్డాయి. కాపలావాళ్ళని విదిలించుకుని వచ్చిన క్లెయిర్! పిస్టల్ బురదలో పడింది. ఆ తర్వాత క్లెయిర్ బెర్నార్ వైపు తిరిగి ఏదో అరిచింది. ఇంటర్‌ప్రెటర్‌ని అప్పుడే కట్టేస్తున్నారు కాబట్టి దాని అర్థం ఎవరికీ తెలియలేదు.

వెంకటనారాయణ పరిగెత్తుకొచ్చాడు. "వేలు అందులో ఎందుకు పెట్టావయ్యా! ఏమన్నా అవుద్దేమో!"

"మనిషికి ఏం గాదట. చెట్టుకే. నన్ను మాత్రం మొక్కల కాడికి పోనీయకుండ్రి."

ల్యాబ్ వ్యాన్ రావడానికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ మతీన్ రోడ్డు మీద, చెయ్యి పైకెత్తి, ఓటేసొచ్చినవాడిలా నిలబడ్డాడు. ముసుగులు వేసుకున్నవాళ్ళు గొట్టం తీసుకుని, అతని వేలిని ఘాటు మందులో ఇంకో అరగంట ముంచి, బ్రష్షుతో తోమి తోమి వదిలారు.

నాలుగు గంటలకి ఎంబసీ ఫోటోలు వచ్చాయి. అసలు బెర్నార్‌కి బట్టతల. దోహాలో ఒక హోటల్ గదిలో మత్తులో పడి ఉన్నాడు, ప్రాణానికి ఢోకా లేదు. ఖతీజా మొక్కలు తెల్లారి ట్రాక్టర్ ఎక్కుతాయి. నిర్మలాదేవి క్లెయిర్‌కి మూడుసార్లు సారీ చెప్పింది. మతీన్‌కి ఏమీ చెప్పలేదు గానీ, స్టేట్‌మెంట్ కోసం కుర్చీ చూపించింది.

మతీన్ కూర్చుని, చెప్పాల్సింది చెప్పి, చివర్లో సంతకం బదులు బయోమెట్రిక్ మిషన్ మీద అదే బొటనవేలు పెట్టాడు. ఎర్రలైటు. తుడిచి మళ్ళీ పెట్టాడు. ఎర్రలైటే.

నిర్మలాదేవి తెర మీది అక్షరాలు చదివి, కళ్ళజోడు తీసి అతని వైపు చూసింది.

"మతీన్, ఇది నువ్వు కాదంటోంది."