నాలుగో తుపాకి

కెండ్రాకు ఈ లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. మేసీ బడి నుంచి ఫోను వస్తుందని. అవతల ఎవరో గొంతు తగ్గించి, "తల్లిదండ్రులందరూ చర్చి దగ్గరికి రండి" అంటారని. ఏప్రిల్‌లో ఇరవై మైళ్ళ అవతలి ఊరి బడిలోకి ఒక కుర్రవాడు తుపాకితో దూరినప్పుడు అక్కడి తల్లులకు సరిగ్గా అలాంటి ఫోనే వచ్చింది. ఐదుగురు పిల్లలు ఇంటికి తిరిగి రాలేదు. ఆ తుపాకి వాడి మేనమామ మంచం కింద తాళం లేకుండా పడి ఉండేదట.

అప్పటినుంచి బడి ఉన్న ప్రతి రోజూ మధ్యాహ్నం మూడు దాటి పసుపు బస్సు మలుపు తిరిగేదాకా కెండ్రా ప్రాణం గొంతులోనే ఉంటుంది. ఈ సోమవారం మాత్రం కాస్త ఊపిరాడింది. పెన్సిల్వేనియా కొండల్లో థాంక్స్‌గివింగ్ పండుగ వెళ్ళిన సోమవారం జింకల వేటకని బళ్ళకు సెలవు ఇచ్చేస్తారు. భర్త వేడ్ చీకటితోనే నారింజ రంగు కోటు తొడుక్కుని అడవికి వెళ్ళిపోయాడు. ఆరేళ్ళ మేసీ వంటింటి బల్ల దగ్గర కాళ్ళూపుతూ పాన్‌కేకుల మీద పాకం పోసుకుంటోంది.

"అమ్మా, రేపు బళ్ళో మళ్ళీ దాక్కునే ఆట ఉంది. కిక్కురుమనకుండా అల్మారాలో కూచుంటే టీచర్ లాలీపాప్ ఇస్తుంది. పోయినసారి రైలీ ఏడ్చాడు. అయినా ఇచ్చింది."

"నువ్వు ఏడవలేదుగా?"

"నేను వాడి నోరు మూశాను."

ఆ ఆట తుపాకివాడు దూరితే దాక్కోవడానికి సాధన అని తెలిసిన కెండ్రా పొయ్యి వైపు తిరిగి నిలబడింది. అట్టు మాడిపోతున్నా తిప్పలేకపోయింది.

అప్పుడే పెరటి తలుపు తోసుకుని మామగారు వర్జిల్ లోపలికి వచ్చాడు. మేసీ పుట్టినప్పటినుంచి కెండ్రాకు కూడా ఆయన తాతే. డెబ్భై ఒక్క ఏళ్ళు, తాటిచెట్టంత మనిషి. జూలైలో భార్య లొరెయిన్ పోయాక తన ఇంట్లో ఒంటరిగా ఉంటున్నాడు, చొక్కా వదులైపోయింది.

"అడవికి వెళ్ళలేదా తాతా? జింకలన్నీ నీకోసం ఎదురు చూస్తుంటాయి," అంది కెండ్రా.

"మోకాలు పట్టేసింది. ఈ ఏడు వాటికి సెలవిచ్చాను." ఆయన నవ్వలేదు. "కాఫీ ఉందా, లేక దానికి కూడా సంతకాలు పెట్టాలా?"

ఆ దెప్పు ఎందుకో కెండ్రాకు తెలుసు. పిల్లలున్న ఇళ్ళలో తుపాకులకు తాళం వెయ్యాలని చట్టం తెమ్మంటూ ఏప్రిల్‌లో తల్లులు ఊరంతా తిరిగి సంతకాలు తీసుకున్నారు. మొదటి పేజీలో ఆమె పేరుంది. అంతటితో ఆగకుండా బేస్‌మెంట్‌లో ఉక్కు బీరువా పెట్టించింది. దానికి ఒక్కటే తాళంచెవి, అది ఆమె మెడలో ఉంటుంది. వేడ్ అయినా సరే, వేటకు వెళ్ళే రోజు ఆమెను నిద్ర లేపి అడిగి తుపాకి తీసుకోవలసిందే. వేట క్లబ్బులో వాళ్ళు, "ఏం వేడ్, మీ ఆవిడ చీటీ రాసిచ్చిందా?" అని ఏడిపిస్తారు.

"ఎవడో తలతిక్కవాడు చేసినదానికి నా ఇంటికి తాళమేమిటి?" అన్నాడు వర్జిల్ కప్పు అందుకుంటూ. ఏప్రిల్ నుంచి ఇదే పాట. ఇవాళ మాత్రం గొంతులో ఊపు లేదు, అలవాటు కొద్దీ అన్నట్టు అన్నాడు.

"తలతిక్కవాడి చేతికి ఊరికే దొరకకూడదనే తాతా."

"పదకొండో క్లాసు మధ్యలో మానేసినదానివి, నువ్వు మాకు చట్టాలు రాస్తావన్నమాట."

"మానేసింది నీ మనవరాల్ని కనడానికి. అది గుర్తుంచుకో."

వర్జిల్ కప్పు బల్ల మీద పెట్టాడు. కోటు లోపలి నుంచి ఫ్లానెల్ గుడ్డలో చుట్టిన మూట తీసి పాకం సీసా పక్కన పెట్టాడు. గుడ్డ జారింది. నల్లటి రివాల్వరు.

"ఇది మేసీకి. పెద్దయ్యాక ఇద్దువు గాని. నీ బీరువాలో పెట్టు."

"నాకా!" అంటూ మేసీ జిడ్డు చేతులతో ముందుకు వంగింది.

కెండ్రా గరిటె విసిరేసి పిల్లను రెక్క పట్టి లాగింది. కుర్చీ వెనక్కి పడింది. మేసీ బావురుమంది.

"నీకు బుద్ధుందా? పిల్ల తింటున్న బల్ల మీద పెడతావా? నన్ను వెక్కిరించడానికి ఇంతకు దిగజారతావా?"

"అందులో గుళ్ళు లేవు అమ్మాయ్. వెక్కిరించడానికి కాదు..."

"మూడు వారాలుగా చూస్తున్నాను. ఒకసారి చిన్న తుపాకి, ఒకసారి షాట్‌గన్, పోయిన వారం జింకల తుపాకి. నా ఇంటిని మీ క్లబ్బు గోదాం చెయ్యాలనా? తీసుకో. తీసుకుని బయటికి వెళ్ళు. అది చేతిలో ఉండగా ఈ గడప తొక్కకు!"

ఆయన రివాల్వరు అందుకున్నాడు. వణికే చేతులతో గుడ్డ చుట్టాడు. ఆ వణుకు కోపం వల్లనే అనుకుంది కెండ్రా.

"సరే అమ్మాయ్. నీ దగ్గరైతే భద్రంగా ఉంటుందనుకున్నాను."

తలుపు మెల్లగా వేసుకుని వెళ్ళిపోయాడు. తాగని కాఫీ అలాగే ఉంది. కెండ్రా గెలిచినట్టే అనిపించి, పడిపోయిన కుర్చీ లేపి, మేసీ చేతులు కడిగింది.

"తాతని ఎందుకు తిట్టావు?" వెక్కుతూ అడిగింది మేసీ. "తాతకి ఇప్పుడు డైసీ కూడా లేదు."

"డైసీకేమైంది?" డైసీ ఆయన వేటకుక్క. తొమ్మిదేళ్ళుగా ఆయన కాళ్ళ దగ్గరే పడుకుంటుంది.

"నిన్న తాత వాళ్ళ పక్కింటి వాళ్ళకి ఇచ్చేశాడు. నేను ఏడిస్తే, 'ఇంక దానికి తిండి పెట్టేవాళ్ళు ఉండరు తల్లీ' అన్నాడు."

కెండ్రా చేతిలో తువ్వాలు అక్కడే ఆగిపోయింది.

యాభై ఏళ్ళుగా ఒక్క వేట కాలం మానని మనిషి. ఈ కొండల్లో ఏ మగవాడూ సొంత జింకల తుపాకిని ఎవరికీ ఇవ్వడు. కొడుక్కిచ్చినా చేతులు ఆడనప్పుడే. అలాంటిది వేట ఇంకో వారం ఉందనగా తెచ్చి ఇచ్చేశాడు. తను దాన్ని తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేసింది కూడా.

వెంటనే వేడ్‌కు ఫోను చేసింది.

"ష్... ఎదురుగా జింక ఉంది, మెల్లగా మాట్లాడు," అన్నాడతను.

"వేడ్, మీ నాన్న ఇంట్లో ఇంకా ఎన్ని తుపాకులున్నాయి?"

"మూడు మనకిచ్చేశాడుగా. ఆ రివాల్వరు ఒక్కటే. ఏం?"

"అది ఆయన నాకివ్వడానికి వచ్చాడు. నేను తిరిగి చేతిలో పెట్టి గెంటేశాను."

 అవతల కొమ్మలు విరుచుకుంటూ అతను పరిగెత్తుతున్న చప్పుడు.

మేసీని ఎదురింటి మిసెస్ కోవల్స్కీ చేతుల్లో పెట్టి కెండ్రా కారు తీసింది. దారి పొడవునా ఆయనకు ఫోను చేస్తూనే ఉంది. మోగి మోగి, ఎప్పుడో రికార్డు చేసిన లొరెయిన్ గొంతు పలికింది, ఇంట్లో లేమని. చనిపోయిన మనిషి గొంతును ఆయన ఇంకా తీసెయ్యలేదు. "అత్తయ్యా, కాస్త ఆపు ఆయన్ని" అని ఆ గొంతుతోనే మొరపెట్టుకుంది కెండ్రా.

వర్జిల్ పికప్ బండి ఇంటి ముందే ఉంది. ఇంజను ఆన్‌లోనే ఉంది. ఆయన స్టీరింగ్ పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ప్రాణాలతో.

కెండ్రా అవతలి తలుపు తెరిచింది. సీటు మీది ఫ్లానెల్ మూటను తీసి ఒళ్ళో పెట్టుకుని, పక్కన కూర్చుంది. ఇద్దరూ ముందు అద్దంలోంచి ఖాళీ కుక్క గూడు వైపు చూస్తూ ఉండిపోయారు.

"ఇంట్లోకి తీసుకెళ్ళడానికి కాళ్ళు రాలేదు," అన్నాడాయన చివరికి. "లోపలికి వెళితే ఏం చేస్తానో నాకే తెలీదు. అందుకే ఇక్కడే కూచున్నా."

"డాక్టరుతో చెప్పొచ్చుగా తాతా..."

"చెబితే పేరు కాగితాలకెక్కుతుంది. రేపు షెరీఫ్ పోలీసులతో తుపాకుల కోసం వచ్చి తలుపు కొడతాడు. ఊరంతా చూస్తుంది. క్లబ్బులో ఏ మొహం పెట్టుకోను?"

"మాతో చెప్పొచ్చుగా!"

"ఎలా చెప్పాలమ్మా? నలభై ఏళ్ళు అందరికీ చెప్పాను, తుపాకి ఎవర్నీ చంపదు, మనిషే చంపుతాడని. ఆ మనిషి నేనే అవుతానని అనుకోలేదు." అరచేత్తో ముఖం రుద్దుకున్నాడు. "ఆ కాగితం మీద నీ పేరు చూసినప్పుడు ఒళ్ళు మండింది. లొరెయిన్ పోయాక మాత్రం నిద్ర పట్టక అనుకున్నాను, ఈ ఊళ్ళో తుపాకులకు తాళం వేసి, కట్టుకున్నవాడికి కూడా తాళంచెవి ఇవ్వని మనిషి నా కోడలు ఒక్కతేనని. నేనొచ్చి కాళ్ళు పట్టుకున్నా ఇవ్వదని. అందుకే ఒక్కొక్కటీ మోసుకొచ్చాను. దీన్ని ఇవ్వడానికే మూడు వారాలు పట్టింది."

 ఏప్రిల్‌లో కెండ్రా తలుపు తలుపూ తట్టి ఏ మాట చెప్పి బతిమాలిందో ఆ మాటే విని ఆయన ఆమె తలుపు తట్టాడు. తను చూసింది తుపాకినే. బడి గేటు మీద పెట్టిన కళ్ళు ఇంటి పెరటి తలుపు వైపు తిరగనేలేదు.

"నన్ను క్షమించు తాతా," అని ఆయన భుజం మీద పడి ఏడ్చింది. ఆ పెద్ద శరీరం కూడా కదిలిపోయింది. చప్పుడు లేకుండా, మగవాళ్ళు ఏడవకూడదని నేర్పిన చోట పుట్టి పెరిగినవాడు ఏడ్చినట్టు ఏడ్చాడు.

వేడ్ వచ్చేసరికి మోకాళ్ళ దాకా బురద, చెంపల మీద ముళ్ళ గీతలు. కిటికీలోంచి తండ్రి మెడ చుట్టూ చెయ్యి వేసి, "నాన్నా, ఇంటికి పోదాం" అన్నాడు. 

వర్జిల్ ఇప్పుడు మేసీ పక్క గదిలో ఉంటున్నాడు. డైసీ కూడా వచ్చేసింది. గురువారాలు వేడ్ ఆయన్ను యాభై మైళ్ళ అవతల, తెలిసినవాళ్ళు లేని ఊళ్ళో డాక్టరు దగ్గరికి తీసుకెళతాడు. ఆయన పూర్తిగా కోలుకున్నాడని చెప్పలేం. కొన్ని పొద్దుటిపూటలు మంచం దిగడు. ఆ చట్టం ఇంకా రాలేదు. దాని మీద ఆయనా కెండ్రా ఇప్పటికీ వాదించుకుంటారు. ఆయన గొంతు పెంచిన రోజు ఆమె మనసు కుదుటపడుతుంది.

ఇది చదువుతున్న మీకు ఒక్క మనవి. మీ వాళ్ళలో ఎవరైనా ఈమధ్య ప్రాణంలా చూసుకున్న వస్తువులు ఊరికే ఇచ్చేస్తున్నారా? ఎప్పుడూ చేసే పని ఈ ఏడు మానేశారా? మాటకు మాట అనే మనిషి ఉన్నట్టుండి "సరేలే" అని ఊరుకుంటున్నారా? మీకు ఇప్పుడు ఎవరి ముఖం గుర్తొచ్చిందో వాళ్ళ దగ్గరికి ఇవాళే వెళ్ళండి. ఫోను చాలదు. వెళ్ళి పక్కన కూర్చుని, ఎలా ఉన్నారని అడిగి, జవాబు వచ్చేదాకా లేవకండి.